గోల్కొండ కాలపు రేవుల చరిత్రపై పిహెచ్‌డి: హైదరాబాదా, లైడెనా, అమెరికానా?

పదిహేడవ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, మచిలీపట్నం రేవు నుంచి సాగిన అద్దకపు వస్త్రాల వ్యాపారంపై పరిశోధన చేయదలచిన విద్యార్థికి ఆధారాలన్నీ ఒకచోట దొరకవు. తెలుగు శాసనాలు, ఫార్సీ పత్రాలు మన దగ్గర ఉండగా, 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ కాగితాలు నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరపు జాతీయ ఆర్కైవ్స్‌లోనూ, ఇంగ్లీషు కంపెనీవి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉన్నాయి. డచ్చి కాగితాల్లో చాలా భాగాన్ని ఇప్పుడు ఇంటి నుంచే ఇంటర్నెట్‌లో చూడవచ్చు కనుక దూరం మునుపటంత అడ్డంకి కాదు; వాటిని చదవగల భాష రాకపోవడమే అసలు అడ్డంకి. అందుకే, రాని భాషను నేర్చుకునేందుకు ఏ చోటు వ్యవధి ఇస్తుందో ముందు చూసుకోవాలి.

హైదరాబాదులో ఉంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు రోజూ వెళ్లి మొఘలుల కాలపు పత్రాలను చదువుకోవచ్చు, ఊళ్లు తిరిగి శాసనాలను స్వయంగా చూడవచ్చు. అయితే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పిహెచ్‌డికి కనీసం 3, గరిష్ఠంగా 6 ఏళ్లు. కోర్సువర్కు కొద్ది నెలల్లో ముగుస్తుంది, శికస్తా అనే గొలుసుకట్టు లిపిలోని ఫార్సీని చదవడం మాత్రం అంత తొందరగా పట్టుబడదు. జాతీయ పరీక్ష ద్వారా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జెఆర్‌ఎఫ్) వచ్చినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు అందుతుండగా, అది లేనివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చేది 8,000 మాత్రమే. ఆ మొత్తంతో నగరంలో బతుకుతూ కొత్త భాష నేర్చుకోమనడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

నెదర్లాండ్స్‌లోని విశ్వవిద్యాలయ నగరం లైడెన్ నుంచి హేగ్‌కు రైల్లో పావుగంట ప్రయాణం; పాత డచ్చి చేతిరాతను చదవడం నేర్చుకోవడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. అక్కడ పరిశోధక విద్యార్థిని తరచు నాలుగేళ్లపాటు జీతమిచ్చే ఉద్యోగిగానే తీసుకుంటారు, కానీ అటువంటి కొలువులు చాలావరకు ఆచార్యుల ప్రాజెక్టులకు ముడిపడి ఉంటాయి కాబట్టి మన అంశాన్ని మనమే ఎంచుకునే స్వేచ్ఛ తగ్గుతుంది. బ్రిటన్‌లోని మూడు నాలుగేళ్ల వ్యవధి భాషలు ముందే వచ్చినవారికే చాలుతుంది.

అమెరికాలో ఆరేడేళ్లు పడుతుంది. మొదటి రెండు మూడేళ్లు కోర్సులకు, భాషలకు, సమగ్ర పరీక్షకు పోతాయి. పెద్ద విశ్వవిద్యాలయాలు ఫీజు మాఫీ చేసి, బోధనలో సాయపడినందుకు భత్యం ఇస్తాయి. తెలుగు సాహిత్య పండితుడు వెల్చేరు నారాయణరావు దశాబ్దాలపాటు బోధించిన విస్కాన్సిన్, కాకతీయుల కాలపు శాసనాల నుంచి ఆనాటి సమాజాన్ని వెలికితీసిన సింథియా టాల్బట్ పనిచేసిన టెక్సాస్ వంటి చోట్ల తెలుగు ఆధారాలకు లభించిన గౌరవం చిన్నది కాదు. చదువు ముగిశాక అధ్యాపక ఉద్యోగాలు అరుదన్నది మాత్రం ముందే తెలిసి వెళ్లాలి.

ఫార్సీ, డచ్చి రెండూ రానివారికి నేను అమెరికానే సూచిస్తాను. ఫార్సీ ముందే వచ్చి, జెఆర్‌ఎఫ్ కూడా ఉన్నవారు హైదరాబాదులోనే చేరి, డచ్చి కోసం ఒక ఏడాది లైడెన్‌లో గడిపే వీలు చూసుకోవడం మేలు.