ఆర్గాన్ ట్యూబు ఫ్రాంక్–హెర్ట్జ్ పరికరం: విజయనగరం డిగ్రీ ల్యాబులో వాడి చూశాక

హైడ్రోజన్ భూస్థాయి (అన్నిటికంటే కింది స్థాయి) శక్తి −13.6 ఎలక్ట్రాన్ వోల్టులని చదివే బి.ఎస్సీ. విద్యార్థికి, మీటరు మీద కనిపించే వోల్టుకూ పరమాణువులోని శక్తి స్థాయికీ ఉన్న సంబంధాన్ని బోర్డు మీద రాసి ఒప్పించడం కష్టం. విజయనగరంలోని మా ల్యాబుకు తెప్పించిన ఈ పరికరం ఆ పని చక్కగా చేస్తోంది.

ఇందులో కాథోడ్ నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు ఆర్గాన్ వాయువు గుండా సాగి, జాలీలాంటి గ్రిడ్‌ను దాటి ఆనోడ్‌ను చేరతాయి. దారిలో శక్తి కోల్పోకపోతే, కాథోడ్ కంటే గ్రిడ్ పొటెన్షియల్ ఎన్ని వోల్టులు ఎక్కువైతే, గ్రిడ్ చేరేసరికి ఎలక్ట్రానుకు అన్ని ఎలక్ట్రాన్ వోల్టుల గతిజశక్తి సమకూరుతుంది. గ్రిడ్ వోల్టేజి పెంచే నాబు నెమ్మదిగా తిప్పుతుంటే ఆనోడ్ కరెంటు పెరుగుతూ వచ్చి ఒకచోట పడిపోతుంది, మళ్లీ పెరిగి, ఇంచుమించు 11.6 వోల్టుల ఎడంతో మళ్లీ పడుతుంది. ఆర్గాన్‌ను మొదటి ఉత్తేజిత స్థాయికి చేర్చగల శక్తి వచ్చేదాకా ఎలక్ట్రాను ఎన్ని అభిఘాతాలు జరిగినా దాదాపు ఏమీ కోల్పోదు. ఆ శక్తి రాగానే పరమాణువుకు ఇచ్చేసి, గ్రిడ్‌కూ ఆనోడ్‌కూ మధ్య ఎదురుగా ఉన్న నిరోధక వోల్టేజిని దాటలేక ఆగిపోతుంది. 1914లో భౌతిక శాస్త్రవేత్తలు ఫ్రాంక్, హెర్ట్జ్ పాదరసపు ఆవిరిలో 4.9 వోల్టుల దగ్గర గమనించింది ఇదే. పాదరసపు ట్యూబును ఓవెన్‌లో వేడి చేయాలి, ఆర్గాన్‌కు ఆ అవసరం లేదు కనుక డిగ్రీ ల్యాబుకు ఇదే నయం.

నా అభ్యంతరమంతా మాన్యువల్ మీదే. మొదటి శిఖరం రీడింగునే ఉత్తేజన శక్తిగా తీసుకోమని అందులో ఉంది. ఎలక్ట్రోడ్ల మధ్య కాంటాక్ట్ పొటెన్షియల్ (వేర్వేరు లోహాల వల్ల దానంతటదే ఏర్పడే వోల్టేజి తేడా) వల్ల ఆ రీడింగు పక్కకు జరుగుతుంది. వరుస శిఖరాల మధ్య తేడానే నమ్మాలి. శక్తిని వోల్టులలో రాయడం అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే దానివల్ల మనం బయటినుంచి ఇచ్చే వోల్టేజే పరమాణువులో స్థాయిలను ఏర్పరుస్తుందని పిల్లలు అనుకుంటున్నారు. ఆ స్థాయిలకు మూలం కేంద్రకం కలిగించే పొటెన్షియల్. హైడ్రోజన్‌లో బోర్ వ్యాసార్ధం (బోర్ నమూనాలో భూస్థాయి కక్ష్య వ్యాసార్ధం) దగ్గర అది 27.2 వోల్టులు, అక్కడ ఎలక్ట్రాను స్థితిజశక్తి −27.2 ఎలక్ట్రాన్ వోల్టులు, గతిజశక్తి 13.6, రెండూ కలిపితేనే −13.6 వస్తుంది. ఈ ఒక్క లెక్క మాన్యువల్‌లో ఉండి తీరవలసింది.

ఫిలమెంటు వేడెక్కి కరెంటు నిలకడగా నిలిచేదాకా రీడింగులు మొదలుపెట్టకూడదు. కరెంటు సరఫరాలో హెచ్చుతగ్గులున్న కళాశాలలు స్టెబిలైజర్ కూడా కొనుక్కోవాలి. మామూలుగా 1 వోల్టు చొప్పున పెంచినా, శిఖరాల దగ్గర మాత్రం ఇంకా చిన్న అంతరాలతో రీడింగులు తీయిస్తే గ్రాఫు స్పష్టంగా వస్తుంది.