ఏడు రోడ్ల జంక్షన్ సందులో బైండింగ్ షాపు: పాత కాగితాలుంటే కళ్లు మూసుకుని వెళ్లండి, టైపింగ్‌కి మాత్రం వద్దు

బైండింగ్‌కి ఐదుకి ఐదు. పాత కాగితాల పనికి ఐదుకి ఆరు కూడా ఇచ్చేదాన్ని. టైపింగ్‌కి ఒకటి, అదైనా ఆ కుర్రాడు గొడవయ్యాక టీ తెప్పించాడు కాబట్టి. అన్నీ కలిపి ఎన్ని స్టార్లు అంటే నాకు లెక్క తేలడం లేదు, చదివి మీరే వేసుకోండి.

షాపు శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి లోపలికి పోయే ఒక సందులో, రెండు మెట్లు కిందికి దిగితే ఉంటుంది. బోర్డు మీద జిరాక్స్, డీటీపీ, బైండింగ్, లామినేషన్ అన్న మాటలు కనిపిస్తాయి గానీ పైనున్న పేరు ఎండకి ఎప్పుడో వెలిసిపోయింది. బైండింగ్ తాత షాపు ఎక్కడ అంటే పక్కన సోడా బండి దగ్గర ఎవరైనా చూపిస్తారు. ముందు గదిలో మనవడు, రెండు జిరాక్స్ మిషన్లు, ఒక కంప్యూటరు. వెనక గదిలో తాత, ఒక చెక్క ప్రెస్సు, కటింగ్ మిషను, గదంతా ఉడికిన మైదా వాసన. ఫ్యాను ఉంది కానీ వేయడు, కాయితాలు ఎగిరిపోతాయని.

నేను హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మందస జమీందారీలో అడవి ఎవరిది, అందులో రైతుకి ఏం హక్కుండేది, అది ఎలా పోయింది అన్నది నా టాపిక్. (బంధువులకి అడవుల మీద చదువుతున్నా అంటే ఫారెస్టాఫీసర్ అవుతుందని సంబరపడతారు, హిస్టరీ అనగానే మాట మారుస్తారు.) ఈ పనిలో చదువు కంటే కాగితాల మోతే ఎక్కువ. మా పలాస వైపు ఊళ్ల రికార్డులు ఎక్కడున్నాయో వెతకడమే సగం పీహెచ్‌డీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా గంజాం జిల్లా. ఆ రోజున బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి, మందస, సోంపేట, ఇచ్ఛాపురం మద్రాసు రాష్ట్రంలోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950 ఆగస్టు 15న గానీ శ్రీకాకుళం జిల్లా పుట్టలేదు. అంచేత ఒకే ఊరి తగాదా గంజాం పేరుతో ఒక కట్టలో, విశాఖపట్నం పేరుతో ఇంకో కట్టలో ఉంటుంది. ఒకదానికి చెన్నై ఎగ్మూరులో ఉన్న ఆర్కైవ్స్‌కి వెళ్లాలి, ఒకదానికి భువనేశ్వర్ ఆర్కైవ్స్‌కి వెళ్లాలి, మధ్యలో పలాస స్టేషన్లో దిగి ఇంట్లో అన్నం తిని మళ్లీ రైలెక్కాలి. అలా చేత్తో రాసుకొచ్చిన నోట్సు పుస్తకాలే పద్నాలుగయ్యాయి. 1882 నాటి గంజాం జిల్లా మాన్యువల్‌కి, జమీందారీల మీద వేసిన ప్రకాశం కమిటీ 1938 నివేదికకి స్కాన్లు దొరికితే వాటికి ప్రింట్లు తీయించాను, అవి వేరే.

కానీ నన్ను ఈ షాపుకి చేర్చింది అవేవీ కావు, మా నాన్నమ్మ ట్రంకు పెట్టె. అందులో మా ముత్తాత శిస్తు కట్టిన దాఖలాలు ఉన్నాయి. దాఖలా అంటే ఈ కాలం పిల్లలకి తెలియదు, జమీందారీ ఠాణాలో (పోలీసు ఠాణా కాదు, శిస్తు వసూలు చేసే కచేరీ) శిస్తు కడితే ఇచ్చే రసీదు. భూమి నాదే అని చెప్పుకోవడానికి రైతు దగ్గర ఉండే కాయితం చాలా ఇళ్లలో అదొక్కటే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస మీద పడ్డ రాత్రి కొబ్బరి చెట్లతో పాటు మా పెంకులు కూడా పోయాయి, పెట్టెలోకి నీళ్లు వెళ్లాయి. అప్పుడు ఆ కాగితాలు ఎవరికి గుర్తు? తర్వాత ఎప్పుడో చూస్తే కట్టంతా ఎండిన పిడకలా అయిపోయి ఉంది.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. కట్ట పైనున్న దాఖలా ఒకటి విడిగా ఊడి వచ్చింది. దాన్ని వేరే ఊళ్లో, మా హాస్టల్ దగ్గరున్న షాపులో లామినేషన్ చేయించాను, భద్రంగా ఉంటుందని. ఆ వేడికి సిరా గోధుమ రంగులోకి తిరిగి పాకింది, మడత దగ్గర కాగితం చిట్లింది, ఇక ఆ ప్లాస్టిక్కు జన్మలో ఊడదు. వాళ్లని అంటే, మీరు చెయ్యమన్నారు మేం చేశాం అన్నారు. నిజమే మరి. మీ ఇంట్లో పాత పట్టాలు, జాతకాలు, పెళ్లి శుభలేఖలు ఏవున్నా లామినేషన్ జోలికి పోకండి, సెల్లోటేపు కూడా వద్దు, కొన్నాళ్లకి అది పచ్చబడి ఊడిపోతుంది, బంక మాత్రం కాయితంలోనే ఉండిపోతుంది.

మిగిలిన కట్ట పట్టుకుని ఎవరో చెప్తే ఇక్కడికి వచ్చాను. మనవడు చూసి, ఫీడర్లో పెట్టలేం మేడమ్ అన్నాడు. తాత వెనక నుంచి వచ్చి చేతిలోకి తీసుకుని, వాసన చూశాడు. నిజంగానే వాసన చూశాడు.

"ఏటి పాపా, ముద్ద కట్టీసింది. ఏ ఊరు మీది?"

చెప్పాను. లామినేషన్ అయిన దాఖలా కూడా చూపించాను. దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "సంపీసినారు" అన్నాడు. మీ బోర్డు మీద కూడా లామినేషన్ అని ఉంది కదా తాతా అంటే, "అది ఆధార్ కార్డులకమ్మా" అన్నాడు.

తర్వాత చేసింది నేను పక్కన కూర్చుని చూశాను కాబట్టి రాస్తున్నాను. ముందు కట్ట మూల దగ్గర తడి దూదితో ఒకే ఒక్క చుక్క అద్ది, ఆ దూదికి సిరా అంటుతుందా లేదా చూశాడు. అంటలేదు. అప్పుడు ఇంట్లో పప్పు పోసుకునే పెద్ద స్టీలు డబ్బా తీసి, అడుగున తడి గుడ్డ పరిచి, దాని మీద జల్లెడ బోర్లించి, ఆ జల్లెడ మీద కట్ట పెట్టి మూత బిగించాడు. నీళ్లు తగలకూడదు, చెమ్మ మాత్రం తగలాలి. రేపు రమ్మన్నాడు. మర్నాటికి ఆ పిడక మెత్తబడింది. అరిటాకు ఈనెలా సన్నగా చెక్కిన వెదురు బద్ద ఒకటి ఉంది ఆయన దగ్గర, దాన్ని రెండు కాయితాల మధ్యకి దూర్చి, బద్దని కదపకుండా కాయితాన్నే దాని మీదుగా మెల్లగా లాగుతాడు. ఒక్కోదానికి పది నిమిషాలు. విడివడ్డ ప్రతిదాన్నీ తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన బరువు. రాతలేని తెల్ల కాగితాలే, న్యూసు పేపరు పెడితే దాని సిరా దీనికి దిగుతుందట. ఇరవై రెండు కాయితాల్లో రెండే చిరిగాయి, ఆ రెంటికీ వెనక వైపు పల్చటి టిష్యూ కాయితం మైదా జిగురుతో అతికించాడు. రాత వైపు ముట్టుకోలేదు.

మధ్యలో ఒక దాఖలా పైకెత్తి, "ఫసలీ 1349" అని చదివి (ఫసలీ అంటే శిస్తు లెక్కలకి వాడే సంవత్సరం, దాన్ని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చుకోవాలి), నేను ఫోను తీసేలోపు "590 కలుపు, ముప్పైతొమ్మిది నలభై" అనేశాడు. ఆ లెక్క నాకు మొదటి సంవత్సరం మా గైడ్ నేర్పారు. తాతకి కరణాలు నేర్పారు. చిన్నప్పుడు పని నేర్చుకున్నది ఊళ్ల లెక్కల పుస్తకాలు కుట్టడం దగ్గరే. 1984లో ఎన్టీఆర్ కరణాల్ని తీసేశాక ఆ బేరాలు పోయి, కాలేజీ పిల్లల రికార్డులకి, థీసిస్‌లకి మళ్లాడు.

ఫసలీ 1349 అంటే 1939 జూలై నుంచి 1940 జూన్ దాకా. మా వైపు ఆ ఏడాది ఊరికే గడవలేదు. నాగలికీ ఇంటి వాసాలకీ అడవి నుంచి కలప, వెదురు తెచ్చుకోవడం మా హక్కు అని మందస రైతులు సంఘం కట్టి జమీందారు మీద లేచారు, అరెస్టులకి పోలీసులు వచ్చారు, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగి వీర గున్నమ్మ, మరికొందరు రైతులు చనిపోయారు. అప్పటికి ఆవిడ గర్భవతి. ఆ ఏడాది మా ముత్తాత శిస్తు కట్టాడు, రూపాయలు అణాలు పైసలతో సహా. ఎందుకు కట్టాడు? భయపడా, భూమి పోతుందనా, ఆయన సంఘంలో లేడా? థీసిస్‌లో నాలుగో అధ్యాయం మొత్తం ఆ కాయితం వల్ల తిరగరాయాల్సొచ్చింది. ఊరంతా ఒక్కతాటి మీద నిలబడింది అని ఎంత ధీమాగా రాశానో అంతకు ముందు.

ఇక జిరాక్సూ స్కానింగూ సంగతి. కుర్రాడు మంచివాడే, కానీ చెప్పకపోతే అన్నీ ఒకే సెట్టింగులో కొట్టేస్తాడు. మామూలు టెక్స్టు మోడ్‌లో పాత కాగితం కొడితే తెల్లగా, నీటుగా వస్తుంది. ఆ నీటుతనమే కొంప ముంచుతుంది, వెలిసిన ముద్రలు, అంచున పెన్సిల్‌తో రాసినవి మొత్తం మాయం. ఫోటో మోడ్‌లో రంగుల్లో, అద్దం మీద ఒక్కొక్కటీ పెట్టి తియ్యమనండి. వెనక వైపు ఖాళీగా ఉన్నా దాన్నీ తియ్యమనండి. మా దాఖలాల్లో మూడింటికి వెనక లెక్కలున్నాయి, ఎవరికి ఎన్ని కుంచాల వడ్లు బాకీ అని. ఫైళ్లకి పేర్లు మీరే పెట్టుకోండి, లేకపోతే స్కాన్ 001, స్కాన్ 001 కొత్తది, స్కాన్ 001 ఫైనల్ అని ఇస్తాడు.

టైపింగ్. దీని గురించి తలుచుకుంటే బీపీ వస్తుంది. థీసిస్ ఇంగ్లీషులో నేనే కొట్టుకున్నాను. చివర అనుబంధంగా మా ఉద్దానం పెద్దవాళ్ల మాటలు తెలుగులోనే పెట్టాలని నా పట్టుదల, నలభై పేజీలు చేతిరాతలో ఇచ్చాను. కుర్రాడు చూసి కొడతాడనుకుంటే, ఫోనులో చదివి వాయిస్ టైపింగ్ చేశాడు. "జిరాయితీ భూములు" (రైతుకి సాగు హక్కున్న భూములు) అన్న చోటల్లా "జిరాక్స్ భూములు" అని వచ్చింది. పదకొండు చోట్ల! ముసలివాళ్లని 1940 గురించి అడిగితే వాళ్లు నేరుగా 2010 జూలై 14కి, సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దని బీల (అక్కడి చిత్తడి నేలలు) కోసం నిలబడ్డ రోజుకి వెళ్లిపోతారు, నా దృష్టిలో ఆ ఇంటర్వ్యూల్లో విలువైన సంగతి అదే, అడవి తగాదా, బీల తగాదా వాళ్లకి ఒకే కథ. ఆ బీల అంతా బీర అయిపోయింది. "మా పశువులు బీరలో మేసేవి." "బీర లేకపోతే మాకు చేపల్లేవు." పైగా వాళ్లన్న "ఏటి సేస్తాం" లాంటి మాటల్ని ఆ ఫోను దిద్ది "ఏమి చేస్తాము" అని పెట్టింది, అంటే నేను మూడేళ్లు ఊళ్లు తిరిగి రికార్డు చేసిన మాట తీరు ఒక్క మధ్యాహ్నంలో పోయింది. కుర్రాణ్ని అడిగితే, పుస్తకం భాషలో ఉంటేనే బాగుంటుంది కదా మేడమ్ అన్నాడు. చివరికి నేనే నాలుగు రాత్రులు కూర్చుని యూనికోడ్‌లో మళ్లీ కొట్టాను. సగం డబ్బు తిరిగి ఇచ్చాడు, అడగకుండానే, అది కూడా చెప్పాలి.

బైండింగ్ దగ్గర మళ్లీ తాత రాజ్యం. ఈ రోజుల్లో అందరూ వీపుకి జిగురు రాసి అట్ట అంటించేస్తున్నారు, రెండుసార్లు తెరిస్తే పేజీలు చేతికొస్తాయి. ఈయన దారంతో కుడతాడు. నా పద్నాలుగు నోట్సుల్నీ నాలుగు సంపుటాలు చేశాడు, బల్ల మీద తెరిచి పెడితే మూసుకోకుండా నిలబడతాయి, ఒక చేత్తో చూస్తూ ఇంకో చేత్తో టైపు చేసుకునేవాళ్లకి ఆ సుఖం తెలుస్తుంది. జిగురులో మైలుతుత్తం కలుపుతాడు, పురుగు పట్టకుండా. పిల్లలున్న ఇంట్లో ఆ పుస్తకాలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి మరి.

థీసిస్ ఐదు కాపీలు కూడా ఇక్కడే, నల్ల రెగ్జిన్, బంగారు అక్షరాలు. అక్షరాలు ఇప్పటికీ అచ్చులు ఒక్కొక్కటీ పేర్చి, వేడి చేసి అద్దుతాడు. అందులో ఒక కాపీ మీద హిస్టరీ అనే మాటలో ఓ, ఆర్ తారుమారయ్యాయి. తాతకి ఇంగ్లీషు చదవడం రాదని అప్పుడు తెలిసింది, నేను రాసిచ్చిన కాగితంలో ఆకారాలు చూసి పోల్చుకుని పేరుస్తాడట, ఇన్నేళ్లుగా అంతే. నేనేమీ అనలేదు, ఆయనే అట్ట చింపేసి కొత్తది వేశాడు, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. మీరు వెళ్తే పేర్చిన అక్షరాల్ని అద్దక ముందే ఒకసారి చూసుకోండి, చూపించమంటే చూపిస్తాడు.

రేట్లు: నాకు రెండు వైపులా ప్రింటు పేజీ రూపాయి పడింది, ఎక్కువ ఉన్నాయని. కుట్టు బైండింగ్ ఒక్కో పుస్తకం 280, బంగారు అక్షరాలకి 60 అదనం. దాఖలాల పనికి ఎంత అంటే ముందు ఏమీ వద్దన్నాడు, బలవంతం చేస్తే 500 తీసుకున్నాడు. నాలుగు రోజుల పని అది. సెమిస్టరు చివర్లో వెళ్లకండి, ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులతో మెట్ల మీద దాకా క్యూ ఉంటుంది, అప్పుడు తాత కూడా విసుక్కుంటాడు. గట్టి వాన పడితే ఆ రెండు మెట్లు దాటి నీళ్లు లోపలికి వస్తాయి, కాబట్టి అసలు కాయితాలు రాత్రి అక్కడ వదిలేటప్పుడు పైఅరలో పెట్టమని చెప్పండి, నేను రెండుసార్లు చెప్పాను.

ఇంకోటి, ఫోన్‌పే ఉంది కానీ గోడ మీద ఉన్న ఆ క్యూఆర్ కోడ్ మనవడిది. తాత చేసిన పనికి నోట్లు తీసుకెళ్లి ఆయన చేతికే ఇవ్వండి.