ఫెల్టన్‌లో తెల్ల రెడ్‌వుడ్: శాంటా క్రూజ్ కొండల్లో ఒక వారాంతం

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే కాలిఫోర్నియా బే ఏరియాలో చాలామంది ముందుగా తీసుకెళ్లేది రెడ్‌వుడ్ అనే మహా ఎత్తయిన చెట్ల అడవి మ్యూర్ వుడ్స్‌కే. అందంలో దానికి వంక పెట్టలేం. కానీ అక్కడ పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి, శని ఆదివారాల్లో జనం మధ్య నడవాలి. పెద్దవాళ్లతో తీరిగ్గా చెట్లు చూడాలంటే నా ఓటు ఫెల్టన్ దగ్గరి హెన్రీ కావెల్ పార్కుకే. శాన్ హోసే నుంచి హైవే 17 మీద కొండ దిగితే వస్తుంది. రెడ్‌వుడ్ గ్రోవ్ బాట 0.8 మైళ్లు, అంతా చదును. మోకాళ్ల నొప్పులున్న నాన్న కూడా హాయిగా నడిచారు. ఇక్కడి అతి ఎత్తయిన చెట్టు సుమారు 277 అడుగులు.

అయితే మేం వెళ్లింది ఎత్తు చూడ్డానికి కాదు, తెల్ల రెడ్‌వుడ్ కోసం. వాటిలో చాలావాటి చోటు పార్కులవాళ్లు బయటపెట్టరు, జనం కొమ్మలు తుంచుకుపోతారని. ఇక్కడ మాత్రం విజిటర్ సెంటర్‌లో అడిగితే ఒక వాలంటీర్ ఓపిగ్గా వెంట వచ్చి చూపించారు. ఈ ట్రిప్‌లో నాకు బాగా నచ్చిన సర్వీస్ అదే. మహావృక్షాన్ని ఊహించుకుని వెళ్లకండి. పెద్ద చెట్టు మొదలు దగ్గర పొదలా ఉంటుంది. ఆకులు మైనంలా తెల్లగా, మెత్తగా ఉంటాయి.

ఆకుకు పచ్చరంగునిచ్చే క్లోరోఫిల్ ఈ తెల్ల ఆకుల్లో ఉండదు. అది లేకపోతే చెట్టు తన తిండి తాను వండుకోలేదు. మామూలుగా అలాంటి మొలక గింజలోని నిల్వ అయిపోగానే చచ్చిపోతుంది. రెడ్‌వుడ్ సంగతి వేరు. అది కాండం మొదలు నుంచి, వేళ్ల నుంచి కొత్త పిలకలు వేస్తుంది. పిలక తెల్లగా పుట్టినా తల్లిచెట్టు వేళ్లతో బంధం తెగదు కాబట్టి పచ్చని చెట్టు చేసిన చక్కెర దానికీ అందుతుంది. మన మామిడి మీది బదనిక దీనికి పూర్తిగా తిరగేసిన కేసు: దానికి ఆకుపచ్చ ఉంది, నీళ్లు మాత్రం చెట్టువి. ఇదంతా విని అమ్మ, "తల్లి కడుపు మాడితే ముందు ఎండేది ఈ పిల్లేగా" అంది. నిజమే. చక్కెర కరువైతే తెల్ల కొమ్మలు గోధుమరంగుకు తిరిగి రాలిపోతాయి, మళ్లీ కొత్తవి వస్తాయి.

తల్లిచెట్టు దీన్ని ఊరికే పోషిస్తోందా? జేన్ మూర్ అనే పరిశోధకుడు తెల్ల ఆకుల్లో నికెల్, రాగి, కాడ్మియం పచ్చ ఆకుల్లోకన్నా చాలా ఎక్కువని గుర్తించాడు. చెట్టు తనకు హాని చేసే లోహాలను అటు తోస్తోందేమోనన్నది ఆయన ఊహ. ఇంకా రుజువు కాలేదు గానీ, దాని ముందు నిలబడ్డప్పుడు నాకది నమ్మాలనిపించింది.

బస విషయానికొస్తే, రాత్రి శాంటా క్రూజ్ బీచ్ దగ్గర మోటెల్‌లో ఉన్నాం. రేటు ఎక్కువ, గదిలో తడి వాసన, మార్చమంటే ఖాళీ లేదన్నారు. సముద్రం మీద మోజు లేకపోతే అక్కడ ఉండకండి. టెంట్ అలవాటున్నవాళ్లకు పార్కు క్యాంప్‌గ్రౌండ్ మేలు, కాకపోతే ముందే రిజర్వ్ చేసుకోవాలి. పెద్దవాళ్లుంటే ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరడమే సుఖం. పులిహోర కట్టుకెళ్లండి, పిక్నిక్ బల్లలున్నాయి. ఎండాకాలం ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం పెట్టుకుంటే హైవే 17 మీద బీచ్ ట్రాఫిక్‌తో టెన్షన్ తప్పదు. శనివారం పొద్దున్నే బయల్దేరడం మంచిది.