టవర్ ఉన్న ఎయిర్‌పోర్టా, టవర్ లేనిదా: విమానం నడపడం నేర్చుకోవడానికి రెండు చోట్లనూ వాడి చూశాక

కాలిఫోర్నియాలోని శాన్ హోసే చుట్టుపక్కల ఉంటూ విమానం నడపడం నేర్చుకోవాలనుకునే మనవాళ్లు మొదట అడిగేవి ఏ స్కూలు, ఏ విమానం, గంటకు ఎంత అన్న ప్రశ్నలే. ఏ ఎయిర్‌పోర్టు అన్నది చాలామందికి ప్రశ్నగానే తోచదు. శాంటా క్లారా కౌంటీ నడిపే రెండు చిన్న ఎయిర్‌పోర్టులను నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ప్రైవేట్ పైలట్ శిక్షణలో ఎక్కువ భాగం శాన్ మార్టిన్‌లో పూర్తిచేశాను. లైసెన్సు వచ్చాక రీడ్-హిల్‌వ్యూకు మారి, ఇప్పుడు అక్కడే విమానం అద్దెకు తీసుకుంటున్నాను. ఈ రెండింటినీ పోల్చి చెప్పడం కొంత సులభం. రెండు చోట్లా రన్‌వే పొడవు దాదాపు 3,100 అడుగులు, సెస్నా అనే చిన్న విమానంలో ఒకచోటి నుంచి మరోచోటికి పది పన్నెండు నిమిషాల ప్రయాణం. అయితే రీడ్-హిల్‌వ్యూలో కంట్రోల్ టవర్, పక్కపక్కనే రెండు రన్‌వేలు ఉన్నాయి. శాన్ మార్టిన్‌లో ఉన్నది ఒకే రన్‌వే, టవర్ లేదు.

టవర్ లేదంటే విన్నవాళ్లు ముందు కంగారు పడతారు, దిగమని ఎవరు చెబుతారని అడుగుతారు. ఎవరూ చెప్పరు. అమెరికాలో ఉన్న ఎయిర్‌పోర్టుల్లో అత్యధిక భాగం ఇలాంటివే. దిగబోయే పైలట్ పది మైళ్ల దూరం నుంచే అందరూ వినే ఫ్రీక్వెన్సీ మీద తానెవరో, ఎక్కడ, ఎంత ఎత్తులో ఉన్నాడో, ఏం చేయబోతున్నాడో చెబుతాడు. చెప్పేటప్పుడు ‘శాన్ మార్టిన్ ట్రాఫిక్’ అని మొదలుపెట్టి, చివర మళ్లీ ‘శాన్ మార్టిన్’ అంటాడు, ఎందుకంటే అదే ఫ్రీక్వెన్సీని ఇంకొన్ని ఎయిర్‌పోర్టులు కూడా పంచుకుంటాయి కాబట్టి, మొదటి మాట చెవిన పడనివాళ్లకు చివరి మాటైనా అందాలి. తర్వాత గాలి ఎటు వీస్తోందో ఆటోమేటిక్ వాతావరణ ప్రసారం వినో, విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ సంచి) చూసో తెలుసుకుని, ఏ దిక్కు నుంచి దిగాలో తానే నిర్ణయించుకుంటాడు. నేల నుంచి సుమారు వెయ్యి అడుగుల ఎత్తున, రన్‌వేకు సమాంతరంగా సాగే డౌన్‌విండ్‌లోకి నలభై ఐదు డిగ్రీల కోణంలో చేరి, బేస్ (రన్‌వే వైపు అడ్డంగా తిరిగే భాగం), ఫైనల్ (రన్‌వేకు ఎదురుగా నేరుగా దిగే భాగం) మలుపుల్లో ఒక్కొక్కటీ ప్రకటిస్తూ దిగుతాడు. ఈ చుట్టు దారినే ప్యాటర్న్ అంటారు. ముందున్న విమానం నెమ్మదిగా పోతుంటే డౌన్‌విండ్‌ను ఎంత సాగదీయాలో కూడా తానే తేల్చుకోవాలి.

ఈ తేల్చుకోవడమే శాన్ మార్టిన్ నాకు నేర్పిన అసలు విద్య. విద్యార్థి దశలో చూపు ఎంతసేపూ స్పీడు, ఎత్తు చూపించే గడియారాల మీదే అతుక్కుపోతుంది. టవర్ లేనిచోట మనకు బదులుగా చూసే మనిషి ఉండడు కాబట్టి, తల తిప్పి కిటికీ బయటకు చూసే అలవాటు తనంతట తానే వస్తుంది. పైగా అక్కడ రేడియో వాడటం చట్టప్రకారం తప్పనిసరి కాదు. విద్యుత్ వ్యవస్థే లేని పాత పైపర్ కబ్ లాంటి విమానం ఒక్క మాటా లేకుండా ప్యాటర్న్‌లోకి వచ్చి దిగిపోవచ్చు. చుట్టూ ఉన్న విమానాలను చూపే మన ముందున్న తెర మీద కూడా అది కనిపించకపోవచ్చు. ‘ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి’ అని రేడియోలో అడిగేసి నిశ్చింతగా ఉండేవారు కొందరున్నారు. ఆ మాట వాడొద్దని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మాట్లాడని విమానం ఆ అడిగినదానికీ జవాబివ్వదు కదా.

దీనిలోని ప్రమాదాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. శాన్ మార్టిన్‌కు కొండలకు అవతల ఉన్న వాట్సన్‌విల్ కూడా టవర్ లేని ఎయిర్‌పోర్టే. 2022 ఆగస్టు 18న అక్కడ ప్యాటర్న్‌లో ఉన్న సెస్నా 152ను, నేరుగా ఫైనల్‌లోకి వేగంగా వచ్చిన రెండు ఇంజన్ల సెస్నా 340 ఢీకొంది. ముగ్గురు చనిపోయారు. ఇద్దరు పైలట్లూ ఒకే ఫ్రీక్వెన్సీలో ప్రకటనలు చేస్తూనే ఉన్నారు. అందుకే టవర్ లేనిచోట నేర్చుకోవాలనుకునేవారు, వేగవంతమైన విమానాలు అక్కడికి ఎంత తరచుగా వస్తాయో, వారాంతాల్లో రద్దీ ఎలా ఉంటుందో ముందుగానే చూసుకోవాలి. ఒక శనివారం పూట కంచె దగ్గర నిలబడి గంటసేపు చూస్తే స్కూలువాళ్లు చెప్పనివి కూడా తెలుస్తాయి.

ఇక టవర్ సంగతి. రీడ్-హిల్‌వ్యూకు దక్షిణం నుంచి వచ్చేవారు చాలామంది ఆండర్సన్ జలాశయం దగ్గర రేడియోలో పిలుస్తారు. ఆనకట్టకు భూకంప ముప్పు దృష్ట్యా 2020లో ఆ జలాశయాన్ని దాదాపు ఖాళీ చేశారు, అయినా రేడియోలో దాని పేరు అలాగే నిలిచిపోయింది. పిలవడానికి ముందే రికార్డు చేసిన వాతావరణ సమాచారం విని, ఆ ప్రసారానికి ఇచ్చిన గుర్తు అక్షరాన్ని జ్ఞాపకం పెట్టుకోవాలి. టవర్ మన కాల్‌సైన్ (రేడియోలో మన విమానాన్ని పిలిచే పేరు) పలికి బదులిస్తేనే వాళ్ల గగనతలంలోకి అడుగు పెట్టాలి. ‘31 రైట్‌కు స్ట్రెయిట్ ఇన్ రండి, మూడు మైళ్ల దగ్గర రిపోర్ట్ చేయండి’ అని వాళ్లు చెబుతారు, అంటే రెండు రన్‌వేల్లో కుడివైపు దానికి చుట్టు తిరగకుండా నేరుగా రమ్మని. మనం దాన్ని తిరిగి అప్పజెప్పాలి. దిగాక రన్‌వే దాటాలన్నా, గీత దగ్గర ఆగాలన్నా, నేల మీద కదలికలు చూసే గ్రౌండ్ కంట్రోల్ మాట వినాలి. ‘హోల్డ్ షార్ట్’ (రన్‌వేకు ముందే ఆగు) అన్న ఆదేశాన్ని మాత్రం తిరిగి పూర్తిగా పలికేవరకూ వాళ్లు వదలరు.

మనలో చాలామందికి ఇక్కడే నోరు పెగలదు. ఆఫీసు సమావేశాల్లో గంటలకొద్దీ ఇంగ్లిష్‌లో మాట్లాడేవారు కూడా మైక్ బటన్ నొక్కగానే తడబడతారు. యాస వల్ల కలిగే ఇబ్బంది, మనం ఊహించుకున్నంత ఉండదు. రేడియో మాటలకు ఒక వరస ఉంది, ఆ వరస తప్పకపోతే ఏ యాసైనా అర్థమవుతుంది. కంట్రోలర్లకు చిరాకు కలిగించేది నసగడం, బటన్ నొక్కి పట్టుకుని ఆలోచించడం. మొదటి పిలుపులోనే ‘స్టూడెంట్ పైలట్’ అని చేరిస్తే కంట్రోలర్లు వేగం తగ్గించి, విడమరిచి చెబుతారు. ఎఫ్ఏఏ కూడా అలా చెప్పమనే సలహా ఇస్తుంది. ఇంట్లో కూర్చుని టవర్ సంభాషణలు ఇంటర్నెట్‌లో వింటే, కొన్ని వారాల్లోనే ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ముందే తెలిసిపోతుంది.

టవర్ ఉన్నంత మాత్రాన చూసే బాధ్యత తీరిపోదన్నది నేను రీడ్-హిల్‌వ్యూలో తరచూ గుర్తు చేసుకునే విషయం. ఇలాంటి ఎయిర్‌పోర్టులో కంట్రోలర్ మనల్ని వరుసలో పెడతాడు, రన్‌వే మీద ఒకరికొకరు అడ్డు రాకుండా చూస్తాడు. అయితే గాల్లో మరో విమానాన్ని చూసి తప్పుకోవలసిన పని పైలట్‌దే. ఒకేసారి 31 లెఫ్ట్‌కు ఒకరు, 31 రైట్‌కు ఒకరు దిగుతున్నప్పుడు బేస్ నుంచి ఫైనల్‌కు తిరిగే మలుపు కాస్త ఆలస్యమైతే పక్క రన్‌వే దారిలోకి వెళ్లిపోతాం. 2021 మే 12న డెన్వర్ దగ్గరి సెంటెనియల్ ఎయిర్‌పోర్టులో సరిగ్గా ఇదే జరిగింది. సమాంతర రన్‌వేలకు దిగుతున్న సిరస్, మెట్రోలైనర్ అనే రెండు రకాల విమానాలు ఢీకొన్నాయి. సిరస్, విమానం మొత్తాన్నీ మోసే తన ప్యారాచూట్‌తో కిందికి దిగింది, మెట్రోలైనర్ పైభాగం చీలిపోయి కూడా రన్‌వే చేరింది, ఎవరికీ గాయాలు కాలేదు. అక్కడ టవర్ ఉంది, ఇద్దరూ టవర్‌తో మాట్లాడుతూనే ఉన్నారు.

ఖర్చు విషయంలో తేడా చిన్నదేమీ కాదు. ఇక్కడ అద్దెను సాధారణంగా హాబ్స్ మీటర్ ప్రకారం కడతాం, ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఆ మీటరు తిరుగుతూనే ఉంటుంది. టవర్ ఉన్న రద్దీ ఎయిర్‌పోర్టుల్లో శనివారం ఉదయం టేకాఫ్ కోసం నాలుగైదు విమానాల వెనుక నిలబడితే, చక్రం నేల విడవకముందే జేబుకు చిల్లు మొదలవుతుంది, ఇన్‌స్ట్రక్టర్ గంటల లెక్క దానికి అదనం. ల్యాండింగ్‌లు సాధన చేసే దశలో శాన్ మార్టిన్‌లో అదే గంటకు ఎక్కువ చుట్లు తిరగగలిగాను. నా అంచనాలో టవర్ లేనిచోటికి ఉన్న పెద్ద లాభం ఇదే, అందులోనూ మొదటిసారి ఒంటరిగా ఎగిరే సోలోకు ముందు వచ్చే విసుగు రోజుల్లో. అయితే నెలల తరబడి అక్కడే తిరుగుతూ టవర్ అంటే బెదిరిపోయే పైలట్లను కూడా చూశాను. చట్టం ఆ అవకాశం పూర్తిగా ఇవ్వదు: ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు కనీసం 40 గంటల అనుభవంతో పాటు, టవర్ పనిచేస్తున్న ఎయిర్‌పోర్టులో ఒంటరిగా మూడు టేకాఫ్‌లు, పూర్తిగా ఆగే మూడు ల్యాండింగ్‌లు చేసి తీరాలి. మూడుతో భయం పోతుందా అంటే, నాకు పోలేదు. లైసెన్సు తర్వాత మారినప్పుడు తొలి వారాలు చెమటలు పట్టించాయి. అయినా మాట్లాడటం తర్వాత నేర్చుకోవచ్చు గానీ, బయటకు చూసే అలవాటును ఆలస్యంగా తెచ్చుకోవడం అంతకన్నా కష్టమని నా అభిప్రాయం. రెండూ సమాన దూరంలో ఉంటే నేను మళ్లీ శాన్ మార్టిన్‌లోనే మొదలుపెడతాను, సోలో అయిన వెంటనే టవర్ ఉన్నచోటికి వారానికో పాఠం పెట్టమని ఇన్‌స్ట్రక్టర్‌ను అడుగుతాను.

దూరం సమానం కాకపోతే లెక్క మారుతుంది. వారానికి రెండు మూడు సార్లు ఎగరగలిగినవారే నిన్నటి పాఠం మరచిపోకుండా ముందుకు పోతారు. మిల్పిటస్‌లోనో, ఎవర్‌గ్రీన్‌లోనో ఉండి, ఆఫీసు అయ్యాక 101 హైవే మీద దక్షిణాన ఉన్న శాన్ మార్టిన్‌కు కారు నడుపుకుంటూ పోవడం ఎన్ని వారాలు సాగుతుందో ఎవరికివారు ఆలోచించుకోవాలి. అలాంటివారు రీడ్-హిల్‌వ్యూలో చేరి, ల్యాండింగ్ సాధనకు శాన్ మార్టిన్‌కు ఎగిరి వెళ్లవచ్చు. అక్కడి స్కూళ్లలో చాలామంది చేసేది అదే. శాన్ మార్టిన్‌కు దగ్గర్లోని మోర్గన్ హిల్, గిల్‌రాయ్ వైపు ఉండేవారికి ఈ తర్జనభర్జన అక్కర్లేదు.

ఇంకా రెండు విషయాలు ముందే విచారించుకోవడం మంచిది. ఒకటి ఇంధనం: సీసం కలిసిన 100 ఎల్ఎల్ పెట్రోలు అమ్మకాన్ని ఈ రెండు ఎయిర్‌పోర్టుల్లోనూ కౌంటీ 2022 జనవరి 1 నుంచి ఆపేసింది, అందువల్ల ఎంచుకున్న విమానం ఏ పెట్రోలు తాగుతుందో, దాన్ని ఎక్కడ నింపుకోవాలో స్కూలును అడగాలి. రెండోది, హెచ్-1బీ మీద ఉన్నవారికీ, గ్రీన్ కార్డు ఉన్నవారికీ సంబంధించినది. అమెరికా పౌరులు కానివారు శిక్షణ మొదలుపెట్టే ముందు రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి పొందాలి, నేర్పేవారు కూడా ఆ సంస్థ విమాన శిక్షణ భద్రతా కార్యక్రమంలో నమోదై ఉండాలి. చిన్న ఎయిర్‌పోర్టుల్లో సొంతంగా పాఠాలు చెప్పే ఇన్‌స్ట్రక్టర్లందరికీ ఆ నమోదు ఉండదు. అందుకని మొదటి ఫోన్‌లోనే ఆ మాట అడిగి, ఉందన్నాకే విమానం చూడటానికి వెళ్లండి.