పోతనా, వేమనా, చిన్నయసూరా: అయిదారేళ్ల పిల్లలకు ముందు ఏది చదివి వినిపించాలి?

పడుకునే ముందు పిల్లలకు పాత తెలుగు ఏదైనా చదివి వినిపిద్దామనుకునే అమ్మానాన్నలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. పోతన భాగవతమా, వేమన పద్యాలా, నీతిచంద్రికా? అడిగేవాళ్లందరి భయమూ ఒకటే, ఆ భాష పిల్లలకు అర్థం కాదేమోనని. అర్థమే కొలత అయితే వేమనను మించినవాడు లేడు. అయిదారేళ్ల వయసులో నేను ముందు చూసేది మాత్రం చెవిని. రాత్రి విన్న ముక్క మర్నాడు స్నానం చేస్తూనో, మెట్లు దిగుతూనో పిల్లల నోట తనంతట తాను వస్తోందా? వస్తే ఆ ఎంపిక సరైనదే. అర్థం తర్వాత నెమ్మదిగా వచ్చి కలుస్తుంది.

నీతిచంద్రిక సంగతి ముందు తేల్చేద్దాం. 1853లో చిన్నయసూరి అచ్చువేయించిన మిత్రలాభం, మిత్రభేదం కథలు పిల్లలవే. పావురాలన్నీ ఒక్కసారిగా వలతో సహా ఎగిరిపోవడం, ఎలుక వచ్చి ఆ వల కొరకడం ఏ పిల్లవాడికి నచ్చదు? చిక్కంతా గ్రాంథిక వచనంతోనే. తెలియని మాటలు పద్యంలో వస్తే లయ మోసుకుపోతుంది. వచనంలో ఆ ఆసరా ఉండదు కాబట్టి చదివేవాళ్లు వాక్యానికోసారి ఆగి వాడుక భాషలో చెప్పాల్సి వస్తుంది, మూడో వాక్యానికి కథ చల్లారిపోతుంది. ఎనిమిది, తొమ్మిదేళ్లదాకా కథను మీ మాటల్లో చెప్పండి. పేర్లు మాత్రం మార్చకండి. లఘుపతనకం, చిత్రగ్రీవుడు, హిరణ్యకుడు అనే పేర్లు చెవిన పడి ఉంటే, తర్వాత మూలం తెరిచినప్పుడు అందరూ తెలిసినవాళ్లే అవుతారు.

వేమన ఆటవెలది తేలిక. నాలుగో పాదం మకుటం, అంటే పద్యం పద్యానికీ తిరిగి వచ్చే ముగింపు కాబట్టి రెండో రోజుకే 'వినుర వేమ' అని పిల్లలు గొంతు కలుపుతారు. 'మేడిపండు' పద్యం చదివే రోజు నిజంగా ఒక మేడిపండు దొరికితే విప్పి చూపించండి, అంతకన్నా వ్యాఖ్యానం అక్కర్లేదు. లోటు ఏమిటంటే, ఏ పద్యానికది విడి. 'తర్వాత ఏమైంది?' అని అడగడానికి ఏమీ మిగలదు. పైగా మొదటి రెండు పాదాల్లోని పోలిక పిల్లలదే అయినా మూడో పాదంలోని తీర్పు పెద్దవాళ్లది. పిరికివాడి బింకం అయిదేళ్లవాడికి ఏం తెలుస్తుంది? సుమతి శతకంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. లోకం మీద అనుమానం నేర్పే పద్యాలు అందులో చాలా ఉన్నాయి, ఏరుకుని చదవాలి.

పోతన దగ్గర కథ ఉంది, చెవికి పండగ కూడా ఉంది. అందుకే నా మొగ్గు అటే. అయితే ఎక్కడ మొదలుపెడతామన్నదాన్ని బట్టే అంతా ఉంటుంది. మొదటి స్కంధం నుంచి వరసగా వద్దు. అష్టమ స్కంధంలోని గజేంద్రమోక్షం తెరవండి. అందులోనూ పొడుగు పాదాల వృత్తాల జోలికి పోకుండా, పొట్టి పాదాల పద్యమైన ఈ కందంతో మొదలుపెట్టండి:

కరి దిగుచు మకరి సరసికిఁ
గరి దరికిని మకరి దిగుచుఁ గరకరి బెరయన్
గరికి మకరి మకరికిఁ గరి
భర మనుచును నతల కుతల భటు లదరిపడన్

కందంలో మొత్తం 64 మాత్రలు (లఘువు అంటే పొట్టి అక్షరం, ఒక మాత్ర; గురువు అంటే పొడుగు అక్షరం, రెండు). ఇక్కడ రెండో పాదం చివర ఒకటి, నాలుగో పాదం చివర ఒకటి తప్ప గురువులే లేవు, మిగతావన్నీ లఘువులే. మొసలి చెరువులోకి, ఏనుగు గట్టు మీదికి లాక్కుంటున్న పెనుగులాట ఆ పరుగులోనే వినిపిస్తుంది. కరి అంటే ఏనుగు, మకరి అంటే మొసలి. ఈ రెండు మాటలు చెబితే చాలు. మధ్యలో 'గరి ఎవరు?' అని తప్పకుండా అడుగుతారు. ద్రుతం (మాట చివరి న కారం) తర్వాత వచ్చిన క కారం గ అయింది, అదీ కరే. వ్యాకరణం చెప్పక్కర్లేదు, 'ఏనుగే నాన్నా' అంటే సరిపోతుంది.

చదివే తీరు ఇలా పెట్టుకోండి. ముందు రెండు మూడు వాక్యాల్లో సందర్భం చెప్పండి. తర్వాత పద్యం రెండుసార్లు, మధ్యలో ఆపకుండా. మూడు రాత్రులు అదే పద్యం. నాలుగో రాత్రి ప్రతి పాదంలోనూ చివరి మాట దగ్గర ఆగి పిల్లలకు వదిలేయండి. అందుకోకపోతే సరిదిద్దకుండా మీరే పూర్తిచేసి, ఇంకో రెండు రోజులు చదవండి.

వృత్తాల దగ్గర అందరూ చేసే పొరపాటు పాదం చివర ఆగడం. 'అల వైకుంఠపురంబులో' పద్యంలో మొదటి పాదం 'సౌధంబు దా' దగ్గర అయిపోతుంది, 'పల' అన్నది రెండో పాదంలో ఉంది. మూడో పాదం చివరి 'వి', నాలుగో పాదం మొదటి 'హ్వల' కలిస్తేనే 'విహ్వల'. అచ్చులో వరస మారిన చోట ఊపిరి తీసుకుంటే పిల్లల చెవికి ముక్కలే అందుతాయి. ముందుగా పెన్సిలుతో మాటల విరుపు గుర్తు పెట్టుకోండి. 'సిరికిం జెప్పఁడు' పద్యానికి ఈ వయసులో మొదటి పాదమే చాలు, మిగతాది సమాసాల బరువు.

ఇంట్లో తెలుగు తక్కువగా వినే పిల్లలకు, ముఖ్యంగా విదేశాల్లో పెరిగేవాళ్లకు, సందర్భం కొంచెం ఎక్కువ చెప్పాలి. డ పలకని నాలుకకు అదే ఘట్టంలోని 'అడిగెద నని కడువడిఁ జను' మంచి సాధన. విష్ణువు వెనక లక్ష్మి అడుగు వేయబోయి ఆగడం, మళ్లీ వేయడం, అంతా డకారం మీదే నడుస్తుంది. చదువుతూ గదిలో అలాగే నడిచి చూపించండి.

మొల్ల రామాయణం, రంగనాథ రామాయణ ద్విపద బాగుంటాయి, కానీ ఇవి రెండో ఏడాది మాట. నన్నయ పదేళ్లు దాటాక.

గజేంద్రుడు నోటికి వచ్చాక ప్రహ్లాదుడి 'ఇందుఁ గలఁ డందు లేఁ డని', ఆ తర్వాత వామనుడి 'ఇంతింతై'. ఇది శార్దూల వృత్తమే అయినా తేలిక, ఎందుకంటే పాదాల చివర మాట విరగదు. పిల్లల్ని నేల మీద ముడుచుకుని కూర్చోమని, 'నభోవీధిపై' దగ్గర మోకాళ్ల మీదికి, 'తోయదమండల' (మేఘాల గుంపు) దగ్గర నిలబడేలా, 'చంద్రుని కంతయై' దగ్గర చేతులు పైకెత్తేలా, 'ధ్రువునిపై నంతై' దగ్గర మునివేళ్ల మీదికి లేవమనండి. 'బ్రహ్మాండాంత' అన్నచోట మీరు ఎత్తుకోవాలి.