బోరు నీళ్ల గార వదిలించడానికి ఏది మేలు: యాసిడా, వెనిగరా, నిమ్మ ఉప్పా?

హనుమకొండలో టెన్త్ పిల్లలకు సైన్స్ చెబుతాను. ఆమ్లాలు, క్షారాల పాఠం మొదలుపెట్టానంటే వారం తిరక్కముందే ఏదో ఒక ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. "సార్, నల్లాలకు తెల్లగ గార పట్టింది, యాసిడ్ కొడ్తే పోతదా?" పోతుంది. కానీ దాంతోపాటు ఇంకేం పోతుందో కూడా చెప్పాలి కదా. మొన్న ఎండాకాలం మా ఇంట్లోనూ ఇదే పని పడింది కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక చిన్న పరీక్ష చేశాను. నీళ్లు కాచే హీటర్ రాడ్డు మీది గార పెచ్చులు గీకి, మూడు గాజు గ్లాసుల్లో తలా ఒకటి వేశాను. బాత్రూమ్ యాసిడ్ పోసిన గ్లాసు సోడా కొట్టినట్టు బుస్సున పొంగింది, రెండు నిమిషాల్లో పెచ్చు ఆనవాలు లేదు. వెనిగర్ గ్లాసులో పెచ్చు అంచుల వెంట సన్నటి బుడగలు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. తెల్లారేసరికి పెచ్చు అరిగి వేలితో నొక్కితే విరిగేలా అయింది. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపిన గ్లాసు ఈ రెండింటికీ మధ్యలో నిలిచింది.

ఇది చూసి మా పిల్లలు "యాసిడే గెలిచింది సార్" అన్నారు. వేగంలో గెలిచింది, నిజమే. కానీ బలం వేరు, గాఢత వేరు. బాత్రూమ్ యాసిడ్‌లో ఉండే హైడ్రోక్లోరికామ్లం నీళ్లలో దాదాపు పూర్తిగా అయాన్లుగా, అంటే ఆవేశమున్న కణాలుగా, విడిపోతుంది, అందుకే బలమైన ఆమ్లం అంటాం. వెనిగర్‌లోని ఎసిటికామ్లం ఏ క్షణంలో చూసినా వెయ్యి అణువులకు ఐదు మాత్రమే విడిపోయి ఉంటాయి. మిగతావి ఊరికే కూర్చున్నట్టు కాదు. ఉన్న హైడ్రోజన్ అయాన్లను గార వాడుకున్నకొద్దీ కొత్తవి విడిపోతూనే ఉంటాయి. ఆఖరుకు లెక్క సరిపోతుంది, టైమ్ ఎక్కువ పడుతుంది, అంతే. 4 శాతం వెనిగర్ లీటరు తీసుకుంటే, కాగితం మీద లెక్క ప్రకారం గారలో ముఖ్యంగా ఉండే కాల్షియం కార్బొనేట్‌ను సుమారు 33 గ్రాములు కరిగించాలి. అంతే పనికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రికామ్లం, 50 గ్రాములు చాలు. దీని ఒక్కో అణువు మూడు హైడ్రోజన్ అయాన్లు ఇవ్వగలదు మరి.

నా దృష్టిలో అసలు ప్రశ్న వేగం గురించి కాదు. గార అయిపోయాక ఆమ్లం ఇంకేం తింటుంది? బలమైన ఆమ్లం గార ఉందా లేదా అని ఆగదు. టైల్స్ మధ్య సిమెంటును తింటుంది, నల్లా మీది మెరుపును తింటుంది. దాని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలులో కూడా సన్నటి గుంటలు పెడుతుంది. ఒకసారి మా వంటింటి సింకు కింద అలమరలో యాసిడ్ సీసా పెట్టాం. మూత సరిగ్గా బిగియలేదు. పదిహేను రోజుల తర్వాత చూస్తే, చుక్క ఒలకకపోయినా, పక్కనున్న స్టీలు డబ్బాల మీద గోధుమరంగు తుప్పు చుక్కలు! హైడ్రోక్లోరికామ్లం అంటే నీళ్లలో కరిగిన వాయువే. సందు దొరికితే బయటికొస్తుంది. ఆ గాలే కదా మనం పీల్చేది.

అందుకే నేను నిమ్మ ఉప్పు వైపు. వాసన ఉండదు, పొడిగా ఉంటుంది కాబట్టి ఎంత కావాలంటే అంత కలుపుకోవచ్చు. లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాములు కలిపి, అందులో గుడ్డ తడిపి నల్లాకు చుట్టి, అరగంటాగి కడగండి. చిక్కగా కలిపి గంటల తరబడి వదిలేస్తే మాత్రం కాల్షియం సిట్రేట్ తెల్లటి పొడిలా అడుగున దిగుతుంది, నా గ్లాసులోనూ పొద్దున అదే కనిపించింది. అది వేడి నీళ్లలో ఇంకా తక్కువ కరుగుతుంది కాబట్టి మరిగే నీళ్లు వద్దు. గార మందంగా ఉంటే నీళ్లు మార్చి రెండోసారి చేయండి. వెనిగర్‌కు ఈ తంటా లేదు, కాల్షియం ఎసిటేట్ హాయిగా కరుగుతుంది. కానీ ఆ ఘాటు ఇల్లంతా రెండు రోజులుంటుంది.

నిమ్మకాయ రసం పనిచేస్తుంది, కాకపోతే పులిహోరకు ఉంచుకోవడం మేలు. చింతపండు రాగి, ఇత్తడికే. వెనిగర్‌లో వంటసోడా కలిపే వీడియోల జోలికి పోకండి. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి ఖర్చు చేసుకుంటాయి, నురగ తప్ప గారకు మిగిలేదేమీ లేదు.

యాసిడ్ అసలు వద్దనను. పింగాణీ లెట్రిన్ బేసిన్‌లో ఏళ్ల నాటి గార ఉంటే అదే దిక్కు. కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకుని, నీళ్లలో యాసిడ్ పోయండి, యాసిడ్‌లో నీళ్లు పోయకండి. అంతకుముందు బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంటే ఆ రోజు యాసిడ్ సీసా ముట్టుకోవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక తాండూరు, షాబాద్ బండలు వేసుకున్నవాళ్లు పైవాటిలో ఏదీ నేల మీద వాడకండి, నిమ్మరసం కూడా. ఆ బండ సున్నపురాయి, దాని మీది గార కూడా కాల్షియం కార్బొనేటే. రెండింటికీ తేడా ఆమ్లానికి తెలియదు. కరీంనగర్ గ్రానైట్ అయితే ఈ బెడద లేదు. తాండూరు బండ మీద గారను ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా గీకి, సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే పొడిబట్టతో తుడవండి. నీళ్లు ఆరిపోయేదాకా నిలవకపోతే కొత్త పొర పట్టదు.