గుంటూరు కొత్తపేటలో అమ్మ చెయ్యి చూపించిన ఎముకల క్లినిక్

మూడు నెలలుగా తిరుగుతున్న క్లినిక్ ఇది, ఒక్కసారి వెళ్లొచ్చి రాస్తున్నది కాదు. కొత్తపేటలో వీధి పొడుగునా ఆసుపత్రులే, బోర్డులు చూసి ఎంచుకోవడం ఎవరి వల్లా కాదు. మేమూ తెలిసినవాళ్లు చెబితేనే వెళ్లాం, అదీ రెండు రోజులు ఆలస్యంగా. ముందు ఆ రెండు రోజుల సంగతి చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో జరిగిందే చాలా ఇళ్లలో జరుగుతోందని క్లినిక్‌లో కూర్చున్నాక అర్థమైంది.

అమ్మకి 63. పొద్దున్నే దొడ్లో పంపు దగ్గర నాచు మీద కాలు జారింది, పడుతూ పడుతూ ఎడమ చెయ్యి నేలకి ఆనించింది. మణికట్టు పైన బోర్లించిన గరిటెలా వంపు తిరిగిపోయింది. చుట్టుపక్కలవాళ్లందరూ వచ్చారు, తలా ఒక మాట. నాటు కట్టుకి పుత్తూరు తీసుకెళ్లమని ఒకరు, అంత దూరం ఎందుకు, పక్క ఊళ్లో కట్టు కట్టే ఆయన ఉన్నాడు కదా అని మామయ్య. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, ఫోన్‌లో సరే అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఎక్స్‌రే ఏమీ లేదు. చెయ్యి పట్టుకుని లాగి, ఆకు పసరు, గుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి గట్టిగా బిగించేశారు. రాత్రికి నొప్పి ఎక్కువైతే కట్టు పడినప్పుడు అలాగే ఉంటుందిలే అని సర్దిచెప్పారట. రెండో రోజు సాయంత్రానికి నేను వెళ్లేసరికి వేళ్లు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి, బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కాయి, ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఇంక ఎవరి మాటా వినకుండా కారు ఎక్కించాను.

క్లినిక్‌లో హాలు నిండా జనం, మా టోకెన్ నంబరు 41. కానీ కౌంటర్‌లో ఉన్న ఆవిడ అమ్మ వేళ్ల రంగు చూడగానే టోకెన్ పక్కన పెట్టి నేరుగా లోపలికి పంపించింది. నాకు ఈ క్లినిక్ మీద నమ్మకం అక్కడే మొదలైంది. డాక్టర్ గారు పేరు, ఊరు అడగలేదు, ముందు కత్తెర తీసుకుని కట్టు కోసేశారు. ఒక్కో వేలి గోరూ నొక్కి వదిలి, తెల్లబడ్డ గోరు మళ్లీ ఎర్రబడటానికి ఎంతసేపు పడుతోందో చూశారు. మామూలుగా రెండు సెకన్లలోపే రంగు తిరిగి రావాలట, అమ్మ చూపుడువేలికి చాలాసేపు పట్టింది. తర్వాత ఉంగరం. మా నాన్న చేయించింది, ఇరవై ఏళ్లుగా వేలినుంచి తీసింది లేదు, వాచిన వేలిలో కూరుకుపోయింది. కోసేస్తారేమోనని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. అక్కడున్న అబ్బాయి సన్నటి దారం తెచ్చి ఒక కొసని ఉంగరం కిందనుంచి ఇవతలికి లాగాడు, మిగతా దారాన్ని వేలి కణుపు దాటేదాకా దగ్గర దగ్గరగా చుట్టాడు, తర్వాత ఇవతలి కొస పట్టుకుని విప్పుకుంటూ పోతే ఉంగరం మెల్లగా జారి వచ్చేసింది. అంత నొప్పిలోనూ అమ్మ కళ్లు తుడుచుకుని "బాబూ, చల్లగా ఉండు" అంది.

అప్పుడు ఎక్స్‌రే, ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. ఈ రెండూ ఎందుకని అడిగితే డాక్టర్ గారు రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. ముందునుంచి చూస్తే ఎముక పెద్దగా కదలనట్టే ఉంది, పక్కనుంచి చూస్తే విరిగిన ముక్క వెనక్కి తిరిగిపోయి కనిపించింది. చెయ్యి ఆనించి పడ్డవాళ్లకి సాధారణంగా ఇలాగే విరుగుతుందట, కోలీస్ ఫ్రాక్చర్ అంటారు. విరిగినచోటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సరిచేసి, చుట్టూ కాకుండా ఒక పక్కకే పిండికట్టు వేశారు, వాపు ఉన్నప్పుడు చుట్టూ వేస్తే మళ్లీ బిగుసుకుపోతుందని. వారం తర్వాత ఇంకో ఎక్స్‌రే, ఎముక జరగలేదని చూశాక పూర్తి కట్టు, మొత్తం ఆరు వారాలు. మొదటి రోజునుంచే వేళ్లు ముడిచి తెరవమన్నారు, చెయ్యి గుండెకన్నా ఎత్తులో పెట్టుకోమన్నారు. నెమ్మదిగా తిమ్మిరి తగ్గింది. కట్టు బిగుసుకుపోయి వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా అర్ధరాత్రయినా సరే రావాలి, కొన్ని గంటలు ఆలస్యమైతే కండరాలు చచ్చిపోయి చెయ్యి కొంకర్లు పోవచ్చని చెబుతుంటే నాకు చెమటలు పట్టాయి. ఎవరు వేసిన కట్టుకైనా ఇదే మాట, ఆసుపత్రి పిండికట్టుకైనా సరే.

ఇక్కడితో అయిపోతే మామూలు మంచి డాక్టర్ అనేదాన్ని. కట్టు విప్పిన రోజు ఆయన అమ్మని అడిగిన ప్రశ్న వేరు. "గర్భసంచి ఎప్పుడు తీయించారమ్మా?" మణికట్టుకీ గర్భసంచికీ ఏం సంబంధమా అని నేను చూస్తుంటే అమ్మ చెప్పింది, 32 ఏళ్లకి, అండాశయాలతో సహా. నిలబడిన ఎత్తునుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముక బలం చూడాల్సిందే, అంత చిన్న వయసులో అండాశయాలు పోతే ఎముకల్లో సత్తువ ముందే తగ్గిపోతుంది అన్నారు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ ముందుంటాయి, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. మా ఊళ్లో అమ్మ ఈడు ఆడవాళ్లలో ఎంతమందికి అయిందో లెక్కపెట్టుకుంటే నాకు మాట రాలేదు. వాళ్లలో ఒక్కరికీ ఎముకల సంగతి ఎవరూ చెప్పి ఉండరు. ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా స్కాన్ చేయించాం. అందులో వచ్చే టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకి గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధి అంటారు, అమ్మది మైనస్ 3.1. ఇప్పుడు కాల్షియం, విటమిన్ డితో పాటు వారానికో మాత్ర, పరగడుపున గ్లాసుడు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి. చెయ్యి విరగడం వల్ల ఈ సంగతి తెలిసింది, రేపు తుంటి విరిగాక తెలిస్తే ఏం చేసేవాళ్లం?

మోకాళ్ల గురించి కూడా అడిగాం. పోయినేడాది ఒక పెద్ద ఆసుపత్రిలో (పేరు రాయను) అమ్మని కుర్చీలోంచి లేవనివ్వకుండానే, పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే చూసి, రెండు మోకాళ్లూ వెంటనే మార్చాలి అన్నారు, ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. ఈయన అమ్మని హాల్లో అటూ ఇటూ నడిపించి చూశారు, నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు, బరువు మోకాలి మీద పడ్డప్పుడే అరుగుదల ఎంతో సరిగ్గా తెలుస్తుందట. తొడ కండరాలకి వ్యాయామం, కింద కూర్చోవడం మానడం, కుర్చీలాంటి టాయిలెట్, చేతికర్ర, ఇవి ఆరు నెలలు చేసి చూద్దాం, రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉండి, వీధి చివరిదాకా కూడా నడవలేకపోతే అప్పుడు ఆపరేషన్ మాట అన్నారు. ఆపరేషన్ తప్పనివాళ్లకి ఒక మాట, ఆపరేషన్‌లో అమర్చే మోకాలి కీళ్ల ధరలకి 2017 ఆగస్టులో కేంద్రం పరిమితి పెట్టింది, బిల్లులో కీలు ధర విడిగా చూపించమని అడగండి.

హాల్లో మూడేసి గంటలు కూర్చుంటాం కాబట్టి ఎవరెవరు ఎందుకు వస్తారో తెలుస్తుంది. నెలల పాప ఒకతె, రెండు కాళ్లకీ పిండికట్లు, వంకర పాదాలతో పుట్టింది, వారానికోసారి కట్టు మారుస్తూ పాదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతారట. ఆర్థోపెడిక్ అనే మాట పుట్టిందే పిల్లల వంకరలు సరిచేయడం మీద, 1741లో ఒక ఫ్రెంచి వైద్యుడు పెట్టిన పేరు అది. ఆ తల్లి చూపిస్తే చూశాను, ఎడమ పాదం అప్పటికే దాదాపు తిన్నగా వచ్చేసింది. ఇంకొకాయన నడుం నొప్పితో వచ్చాడు, మోపు ఎత్తితే పట్టేసిందట, ఎక్స్‌రే కూడా అక్కర్లేదని రెండు మాత్రలు రాసి, పడుకోకుండా మెల్లగా నడవమని పంపించేశారు. కానీ అదే నడుం నొప్పి కాలిలోకి దిగి, కాలు పట్టు తప్పినా, మూత్రం తెలియకుండా పోయినా లేదా ఆగిపోయినా, కూర్చునేచోట స్పర్శ పోయినా అదే రోజు పరిగెత్తాలట. పిల్లలు జ్వరంతో కుంటినా అంతే. పొద్దున్నే వేళ్ల కీళ్లన్నీ గంటసేపు బిగుసుకుపోయేవాళ్లని మాత్రం రుమటాలజీకి పంపిస్తున్నారు, అది కీళ్లవాతం డాక్టర్ల పని అని.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు, కాలు విరిగినవాళ్లని కుర్చీతో సహా మోసుకెళ్తుంటే చూడలేం, ఇది వెంటనే మార్చాలి. సోమవారం మరీ రద్దీ. ఫీజు 400, పదిహేను రోజుల్లో మళ్లీ వెళ్తే తీసుకోరు. ఫిజియోథెరపీ పక్క గదిలోనే గానీ ఒక్క అమ్మాయే అందరినీ చూస్తుంది, అడిగి టైము రాయించుకోవాలి.

అమ్మ ఇప్పుడు ఎడమ చేత్తో చపాతీ పిండి పిసుకుతోంది, పిడికిలి మాత్రం ఇంకా పూర్తిగా బిగించలేకపోతోంది. మీరు వెళ్తే పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్లండి. పడింది చెయ్యి మీదైతే వాపు ఎక్కకముందే, ఇంటి దగ్గరే, గాజులూ ఉంగరాలూ తీసేయండి.